అలీ పెద్దోడా, టైసన్ పెద్దోడా

ఇరవైనాలుగో నంబరు ముసలామె కొంగుతో చెవి తుడుచుకుంటూ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది, ఇంకా ఆరుగురు పోతే తమ వంతు. మెర్సీ చేతిలోని చీటీ చెమటకు మెత్తబడింది, ముప్పై ఒకటిలో మూడు అలుక్కుపోయి ఒకటి మాత్రం మిగిలింది, ఒకటో నంబరు నాదేనని చెప్పి దూరిపోవచ్చా అనుకుంది, అనుకొని నవ్వుకోవడానికి కూడా ఓపిక లేక గోడకు తల ఆనించింది. గోడ కదలడం లేదు. అదే వింతగా ఉంది. భివండీ కామత్‌ఘర్‌లో తమ ఒంటిగది ఖోలీ కార్ఖానా మీదనే, అక్కడ గోడకు వీపు ఆనిస్తే కింద బట్ట నేస్తూ ఆడే ఇరవైనాలుగు సాంచాలు వీపులోంచి పైకెక్కి పళ్ళల్లో ఆడతాయి, గిన్నెలు వాటంతటవే జరిగి జరిగి అరుగు అంచుకొస్తాయి, గ్లాసులో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటాయి, ఇక్కడ ఠాణేలో ఈ సర్కారు దవాఖానా గోడ మాత్రం ఊపిరి లేనట్టు నిలబడి ఉంది. చప్పుడు లేకపోతే చెవిలో ఏదో పురుగు గుయ్యిమంటుంది, ఆ పురుగు తనకే ఉందా, అందరికీ ఉంటుందా, ఒళ్ళో కూర్చున్న ఈ పిల్లకు కనీసం అదైనా వినిపిస్తుందా. నాలుగింటికి లేచి నీళ్ళు పట్టి, మొగునికి డబ్బా కట్టి, వానలో అంజూర్ ఫాటా దాకా షేరాటో, అక్కణ్ణుంచి బస్సు, బస్సులో నిలబడి పిల్లను ఎడమ చంక నుంచి కుడి చంకకు, కుడి చంక నుంచి ఎడమ చంకకు మార్చుకుంటూ వచ్చింది, ఇప్పుడు రెండు చంకలూ తనవి కానట్టు వేలాడుతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి, మూస్తే నంబరు పోతుంది.

పిల్ల పేరు సోనాలి, మూడేళ్ళు నిండవచ్చాయి, మాట లేదు. కొందరికి ఆలస్యం అన్నారు. కింది ఖోలీ లస్మవ్వ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది, ఘాటుకు పిల్ల ముఖం ముడుచుకుంది తప్ప మాట రాలేదు, పాస్టరుగారు తల మీద నూనె పెట్టి ప్రార్థన చేశారు, పిల్ల నూనె చేతిని పట్టుకొని వాసన చూసింది. ఇంట్లోవాళ్ళెవరికీ పెద్ద దిగులు లేదు, ఎందుకంటే ఇంట్లో పని ఆగింది లేదు, ఆకలైతే తెలుస్తుంది, దాహమైతే తెలుస్తుంది, తల్లికి తెలియదా ఏం. బాల్‌వాడీలో పంతులమ్మ యమునాబాయి మాత్రం వారం రోజులు చూసి, ఈ పిల్ల నోట్లోంచి ఒక్క శబ్దం రావడం లేదు, పిలిస్తే చూడదు, డాక్టరుకు చూపించు అని తిప్పి పంపింది. వీధి చివరి డాక్టరు పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి వెనక్కి పోయి చప్పట్లు కొట్టాడు. పిల్ల తిరగలేదు. ఇంకోసారి, గట్టిగా. పిల్ల బల్ల మీది స్టెతస్కోపు గొట్టంతో ఆడుకుంటోంది. ఆ రెండో చప్పట్ల తర్వాత డాక్టరు ముఖం మారిన తీరు మెర్సీకి ఇప్పుడు కళ్ళు మూసినా కనిపిస్తుంది, ఆయన ఠాణేకు కాగితం రాసిచ్చాడు. వినపడని పిల్లకు మాట ఎక్కణ్ణుంచి వస్తుంది. ఆ ఒక్క ముక్క ఆయన అనకుండానే ఆమెకు అర్థమైంది, ఎనిమిదో తరగతిలో బడి మాన్పించినా ఆ మాత్రం తెలివి ఉంది, ఆ రోజు నుంచి ఇవాళ్టికి పదకొండు రోజులు.

పక్క బెంచీ మీద మామ కొండయ్య గొంతు చించుకొని మాట్లాడుతున్నాడు. మొగుడు ఇమ్మానుయేల్‌కు పాళీ పని వదిలే వీలు లేక, తోడు ఈ మామ వచ్చాడు, కింద కార్ఖానాలోనే నూలు కండెలు చుడతాడు, సాంచాల పక్కన పదిహేనేళ్ళకు పైగా బతికి తన చెవులు సగం పోగొట్టుకున్నవాడు మనవరాలి చెవులకు తోడు. ఆయనకు వచ్చిన పావుగంటలోనే జోడీ దొరికింది. శాంతి నగర్ కార్ఖానాలో చేసే కనుకయ్యట, జగిత్యాల దిక్కువాడట, ఆయనా చెవులు చూపించుకోవడానికే వచ్చాడు. చెవి దవాఖానాలో ఇద్దరు చెవిటి ముసలోళ్ళు ఏం మాట్లాడుకుంటారు, మొన్న అమెరికాలో టైసన్ అనే బాక్సరు రింగులో ఎదుటివాడి చెవి కొరికాడు కదా, అక్కడ మొదలైంది. పది రోజులుగా భివండీలో ఛాయ్ హోటళ్ళన్నిటా అదే ముచ్చట. టైసన్ నుంచి అలీ మీదికి పోయారు, అలీ నుంచి ఇంకా పాతవాళ్ళ మీదికి. మెర్సీకి ఈ పేర్లన్నీ పాత బట్టల్లా తెలుసు, ఎవరిది ఎక్కడ చిరిగిందో కూడా తెలుసు, ఈ ఇంటికి వచ్చిన నాలుగేళ్ళలో ఆమె విన్నవి బైబిలు వాక్యమూ, వీళ్ళ గొడవా, రెండే.

విన్నది అనడం కూడా తప్పే. చూసింది. పెళ్ళై వచ్చిన మొదటి రోజు ఖోలీలో అడుగు పెట్టేసరికి సాంచాల మోత, చెవులు రెండూ మూసుకుంది, ఎదురుగా ఇమ్మానుయేల్ పెదవులు కదుపుతున్నాడు, గొంతు లేదు, ప్రార్థన చేస్తున్నాడేమో అనుకొని ఆమె తల వంచి కళ్ళు మూసుకుంది, తీరా చూస్తే అన్నం తింటావా అని అడుగుతున్నాడట. అత్త శారమ్మ ఆ సంగతి చెప్పుకొని ఏడాదిపాటు నవ్వింది. ఆ మోతలో అరవడం దండగ, అరిస్తే గొంతు పోతుంది గాని మాట చేరదు, అందుకని సాంచాల దగ్గర పనిచేసేవాళ్ళంతా పెదవులతో మాట్లాడుకుంటారు, పెద్దగా, నిదానంగా, పళ్ళూ నాలుకా కనిపించేటట్టు, ఇరవై అడుగుల అవతలివాడికి కూడా ఛాయ్ తెప్పించు అని చెప్పేస్తారు, ఆ అలవాటు మెట్లెక్కి ఖోలీల్లోకి వచ్చేసింది. మూణ్ణెల్లలో ఆమెకూ వచ్చింది. కానుపుకు పుట్టింటికి పోతే, ఏందే, నీ గొంతు ఎవలన్న కోసుకపోయిన్రా, ఊకె మూతి ఆడిస్తవ్ అని తల్లి విసుక్కుంది. అప్పుడు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో గొంతులు లేచేది ఒక్కసారే, కరెంటు పోయినప్పుడు. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి, బస్తీ అంతా నీళ్ళల్లోంచి తల పైకి తీసినట్టు అవుతుంది, మగవాళ్ళు చెమట తుడుచుకుంటూ వచ్చి మెట్ల మీద కూలబడతారు, తండ్రి ఒక మెట్టు మీద, కొడుకు రెండు మెట్ల కింద, కరెంటు వచ్చేదాకా అదే గొడవ, అలీ పెద్దోడా, టైసన్ పెద్దోడా. అప్పుడు పిల్ల లేస్తుంది. మోతలో హాయిగా పడుకున్న పిల్ల, మోత ఆగగానే ఉలిక్కిపడి లేస్తుంది. మెర్సీ గుండె ఈ పదకొండు రోజులూ ఆ ఒక్కదాన్నే పట్టుకొని వేలాడింది, వినపడకపోతే చప్పుడు ఆగినట్టు దానికి ఎట్లా తెలుస్తుంది. నిన్న మళ్ళీ పోయి అదే మాట వీధి చివరి డాక్టరుతో అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు, నేల వణకడం ఆగినా లేస్తుంది అన్నాడు. ఆ పట్టు కూడా వదిలించేశాడు.

ఇరవైఐదు అని పిలిచారు. కనుకయ్య మోకాలు చరిచి, మార్సియానో అనే తెల్లాయన నలభైతొమ్మిది కొట్లాటలు కొట్లాడి నలభైతొమ్మిదీ గెలిచి ఇంటికి పోయాడు, ఓడనివాడి కంటే గొప్పోడెవడు అంటున్నాడు. కొండయ్య ఒప్పుకోడు. ఆయన లెక్క వేరు. పడుచుతనంలో బొంబాయిలో మిల్లు పని, నాగ్‌పాడా పక్కన కాపురం, అక్కడ పిల్లలకు గ్లవ్వులు తొడిగి నేర్పే ముసలి ఉస్తాదు ఒకాయన ఉండేవాడట, ఈయనా రెండేళ్ళు సంచి గుద్దాడు, ఒకే ఒక్కసారి రింగులోకి దిగి మొదటి రౌండులోనే పళ్ళు రాలగొట్టుకొని వచ్చాడని అత్త చెబుతుంది, ఆయన మాత్రం రెండో రౌండు అంటాడు. ఆ ఉస్తాదుకు జో లూయీ దేవుడు, పన్నెండేళ్ళ దగ్గర దగ్గర కిరీటం దిగనివ్వనివాడు. ఈయనకు అలీ. కొడుకు శాంతి నగర్ వీడియో పార్లర్లో క్యాసెట్లు చూసి పెరిగాడు, వాడికి టైసన్, ఇరవై ఏళ్ళకే అందరి కంటే పెద్దవాడైనవాడు, ఎదుటివాణ్ణి ఒకటిన్నర నిమిషంలో పడేసినవాడు. పనంటే గట్ల చెయ్యాలె, కొట్టాలె, ఇంటికి పోవాలె అంటాడు ఇమ్మానుయేల్, పన్నెండు గంటల పాళీ చేసేవాడికి అంతకంటే అందమైనది ఏముంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క కాలపు దేవుడు, ఎవరి దేవుడు వాళ్ళకు పద్దెనిమిదేళ్ళప్పుడే దొరికినట్టుంది. తనకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరు దొరికారు. ఇమ్మానుయేల్ దొరికాడు, ఖోలీ దొరికింది, ఆ మోత దొరికింది.

అయినా వేరు వేరు కాలాలవాళ్ళను తెచ్చి ఒకే రింగు తాళ్ళ మధ్య ఎట్లా నిలబెడతారు. అలీ రోజుల్లో పదిహేను రౌండ్లు, ఇప్పుడు పన్నెండట, మామే అంటాడు, ఆ చివరి మూడు రౌండ్లలోనే మనిషి సంగతి తెలిసేది, ఇప్పటోళ్ళకు ఆ పరీక్షే లేదు అని. అత్త నోటి నుంచీ అదే మాట. నేను ఐదుగురిని కన్న, పొద్దుగాల కని మాపటికి కండెలు చుట్టిన, నీ లెక్క ఒక్క పోరికే ఆగమైతే గీ సంసారం నడుస్తుండెనా అంటుంది శారమ్మ. ఐదుగురిని కన్న మాట నిజమే, ముగ్గురు మిగిలారు, ఆ ఇద్దరి పేర్లు ఆమె ఎత్తదు. మెర్సీ ఎదురు చెప్పదు గాని లోపల ఒక గొంతు చెబుతుంది, అత్తమ్మా, నీ కాలంలో గుడిసె కార్ఖానాకు అవతల ఉండె, నాలుగే సాంచాలుండె, నీ పిల్లలు మట్టిలో ఆడి అరిచి గోలపెట్టి పెరిగిన్రు, నా కాలంలో నా పిల్ల ఉయ్యాల కింద ఇరవైనాలుగు సాంచాలున్నయి, నన్ను తీసుకపోయి నీ పక్కన నిలబెట్టి ఎవరు గెలిచిన్రని అడిగితే ఎట్ల. గుద్దు వేరు, గుద్దే చెయ్యి వేరు. పడ్డవాడి నొప్పి మాత్రం ఒకటేనేమో. జో లూయీని కూడా చివరికి వయసు మళ్ళాక ఆ ఓడనివాడే తాళ్ళ బయటికి గుద్దేశాడట, గుద్దినవాడే తర్వాత పోయి ఏడ్చాడట, కనుకయ్య ఇప్పుడు గర్వంగా చెబుతున్నాడు, ఏడ్చిండంటే మంచోడు కాదా అన్నా అని. ఇరవైఆరు. పిల్ల ఒళ్ళో కదిలింది, దాని వెంట్రుకల్లో నూలు పోగు ఒకటి ఇరుక్కొని ఉంది, ఎన్నిసార్లు దువ్వినా ఇంకొకటి వస్తుంది.

మామ ఇప్పుడు అలీ ఆఫ్రికా కథ ఎత్తుకున్నాడు, ఎత్తుకోకుండా ఉండడు. ఫోర్‌మన్ అనేవాడు ఎద్దు లాంటివాడు, అలీ తాళ్ళకు ఒరిగి నిలబడ్డాడు, కొట్టు అన్నాడు, ఇంకా కొట్టు, గింతేనా నీ బలం అని చెవిలో అంటూనే ఉన్నాడు, ఏడు రౌండ్లు తిన్నాడు, ఎనిమిదో రౌండులో ఎద్దుకు చేతులు లేవలేదు, అప్పుడు లేచాడు. ఇన్నేళ్ళుగా ఈ కథ మెర్సీకి ఒట్టి ఊరిముచ్చట, ఇవాళ మాత్రం ఆ తాళ్ళు తన వీపుకే తగిలినట్టున్నాయి. తినడం తనకూ వచ్చు. నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు మూగపిల్ల తల్లి అని గొణుక్కోవడం, పనివేళ చెడిందని అత్త మూతి తిప్పడం, ఇమ్మానుయేల్ పిల్ల దిక్కు చూడకుండా పక్కకు తిరిగి పడుకోవడం, అన్నీ తిన్నది, తిని తిని ఎదుటివాడు అలిసిపోతాడేమో అని చూస్తే ఎదుటివాడెవడో కూడా తెలియడం లేదు. ఎనిమిదో రౌండు ఎప్పుడు వస్తుందో తెలిసినవాడికి తాళ్ళకు ఆనడం సులువే. మరి ఆ అలీ ఇప్పుడెట్లా ఉన్నాడు. నిరుడు పెద్ద ఆటల్లో, ఒలింపిక్సట, దివిటీ వెలిగించడానికి వస్తే కార్ఖానా మేస్త్రీ ఇంట్లో టీవీ ముందు బస్తీ అంతా కూచుంది, చేయి వణుకుతోంది, ముఖం చెక్కినట్టు ఉంది, గుద్దు కంటే ముందు మాటతోనే సగం మందిని పడగొట్టినవాడు, ప్రపంచంలో అంత వాగినవాడు లేడంటారు, ఇప్పుడు మాట సరిగ్గా పెగలదట. మామ అక్కడే భోరుమన్నాడు. ఇమ్మానుయేల్ తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు, ఆ వారం రోజులు టైసన్ పేరెత్తలేదు. మాట పోయిన మనిషికి ప్రపంచమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నా పిల్లకు ఎవరు కొడతారు, వీధి చివర డాక్టరు రెండుసార్లు కొట్టాడు, అంతే.

లోపల్నుంచి సిస్టర్ బయటికొచ్చింది. ఇది చెవుల పరీక్ష చేసే చోటు, మీ గోలకు లోపల ఒక్క మనిషికి పరీక్ష కావడం లేదు, ఇంకో మాట వినపడితే ఇద్దర్నీ వానలోకి గెంటిస్తాను అని మరాఠీలో దులిపేసింది. ముసలోళ్ళిద్దరూ బడిపిల్లల్లా చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. తలుపు మూసుకుంది. తర్వాత కనుకయ్య పెదవులు కదిలాయి, గొంతు లేకుండా, కార్ఖానా మాట, కొండయ్య ముఖం వెలిగిపోయింది, ఆయనా మొదలుపెట్టాడు, ఇక ఆగేదేముంది. అటువైపు కూర్చున్న మరాఠీ ఆడవాళ్ళు ఈ ఇద్దరికీ ఏం పట్టిందో అని గుడ్లప్పగించి చూస్తున్నారు, మూతులు సాగదీస్తూ, పిడికిళ్ళు ఊపుతూ, చప్పుడు లేకుండా ఇద్దరు ముసలోళ్ళు కొట్టుకుంటున్నారు. మెర్సీకి మాత్రం అంతా స్పష్టంగా వినిపిస్తోంది. అవును, వినిపిస్తోంది అనే అనుకుంది. కనుకయ్య ఇప్పుడు జపాన్‌లో టైసన్ పడిపోయిన కథకు వచ్చాడు, ఊరూ పేరూ లేనివాడు గుద్దితే పడ్డాడు, నోట్లోంచి జారిన దంతాల తొడుగు కోసం నేల మీద గుడ్డివాడిలా తడుముకున్నాడు అని, బెంచీ మీదనే చేత్తో తడిమి చూపిస్తున్నాడు.

ఒళ్ళో పిల్ల నిటారుగా అయింది. దాని కళ్ళు ఈ ముసలాయన మూతి మీది నుంచి ఆ ముసలాయన మూతి మీదికి, మళ్ళీ ఈ మూతి మీదికి. కనుకయ్య చెయ్యి బెంచీని తడుముతూ ఉంది. అప్పుడు పిల్ల పెదవులు విడివడ్డాయి, నాలుక పైపళ్ళ వెనక్కి పోయి దిగింది, మూతి పక్కలకు సాగింది. లే. మళ్ళీ అదే. లే, లే. పడ్డవాణ్ణి లెమ్మంటోంది. ఏదో నములుతోందేమో, ముసలోళ్ళను వెక్కిరిస్తోందేమో అనుకోబోయింది, అనుకోలేకపోయింది, ఎందుకంటే ఈ మూతి కదలిక తను ఎన్నిసార్లు చూడలేదు. నిన్న పొద్దున పిండి కలుపుతుంటే పిల్ల వచ్చి కొంగు లాగి నిలబడింది, తను చెంబు అందించింది. దానికి దాహమైందని తనకెట్లా తెలిసింది. తల్లిని కదా, తెలిసింది. కాదు. అది నీళ్ళు అన్నది. మూతి కదిపి నీళ్ళు అన్నది, తను చూసి అందించింది, గొంతు వచ్చిందా లేదా అని ఆ ఇంట్లో ఎవరు చూస్తారు, ఆ మోతలో ఎవరి గొంతు ఎవరికి వస్తుంది. అత్తా అంతే, మామా అంతే, ఇమ్మానుయేలూ అంతే, చాక్లెట్ కావాల్నా అంటే అది ఏదో అంటుంది, వాళ్ళు ఇస్తారు. ఏడాదిగా ఇంటిల్లిపాది ఆ పిల్లతో మాట్లాడుతూనే, ఆ పిల్ల చెప్పేది వింటూనే, మా పిల్లకు మాట రాలేదని ఊరంతా చెప్పుకు తిరిగారు, నూనె పెట్టించారు, వస నాకించారు. నవ్వాలో ఏడ్వాలో తెలియలేదు, రెండింటికీ ఒంట్లో సత్తువ లేదు.

ఇరవైతొమ్మిది. సంతోషం ఎంతసేపు నిలిచింది, ఒక నంబరు పోయేంతసేపు. దాని వెనకనే ఇంకొకటి వచ్చి కూర్చుంది. చెవిటివాళ్ళే కదా పెదవులు చూసి మాట పట్టుకునేది. మామ చెవులు పోయాకనే పెదవులు చదవడంలో అందర్నీ మించాడు. పిల్లకు వినపడదు కాబట్టే ఇంత బాగా మూతులు నేర్చిందేమో, గొంతు అనేది ఒకటుందని దానికి తెలియకనే దాన్ని బయటికి తీయలేదేమో. ఇందాక మాట లేదనుకున్న భయం కంటే ఇది ఇంకా చెడ్డది, ఇన్ని మాటలు లోపల పెట్టుకున్న పిల్ల, ఒక్కటీ వినకుండా. ఆమె పిల్ల తల మీద గడ్డం ఆనించింది, పిల్ల తల వెచ్చగా, చిన్నగా, బరువుగా ఉంది. నేనే కదా నేర్పింది. లాలి పాడలేదు, పాడితే ఎవరికి వినపడుతుంది అని, మోతే జోకొడుతుందిలే అని పాడలేదు. మామతో చెబుదామని చూసింది, మామా, పిల్ల ఇందాక మాట్లాడింది అని, చెప్పబోయి ఆగింది, చెబితే ఆయన సంబరపడతాడు, మన రక్తం బిడ్డా, అన్నీ అయితయి అంటాడు, ఈ పదకొండు రోజులూ అదే కదా అంటున్నది, పిల్ల నా దిక్కు తిరిగింది, పిల్ల నా పిలుపు విన్నది అని రోజుకొక అబద్ధం తెచ్చి కోడలి ముందు పెడుతున్నాడు. ముప్పై. ముప్పై ఒకటి.

లోపలి గది ఇంకా నిశ్శబ్దం, గోడలకు మెత్తటి అట్టలు, తన రక్తం తనకే వినిపిస్తోంది. తెల్లకోటు వేసుకున్న పడుచుమేడం పిల్లను చిన్న కుర్చీలో కూర్చోబెట్టి ముందు రెండు రంగు దిమ్మెలు పెట్టింది, దాని ఎదుట మామను కూర్చోమంది, తల్లిని వెనక నిలబడమంది, ముట్టుకోకు, నీడ పడనీయకు అని హిందీలో చెప్పింది. పిల్ల వెనకనుంచి గిలక ఆడించింది. పిల్ల దిమ్మె మీద దిమ్మె పెట్టింది. గంట కొట్టింది. పిల్ల దిమ్మెలు పడగొట్టి మళ్ళీ పెట్టింది. డప్పు లాంటిదొకటి కొట్టింది, మెర్సీయే ఉలిక్కిపడింది, పిల్ల ఉలిక్కిపడలేదు. పడటానికి దానికి ఇదొక చప్పుడా, ఇరవైనాలుగు సాంచాల మీద పడుకొని పెరిగినదానికి ఎక్కడో గంట మోగితే తిరిగి చూడాలని ఎవరు నేర్పారు, మోత అనేది దానికి గాలి లాంటిది కదా, మేడంకు ఇదంతా ఎట్లా చెప్పేది, ఏ భాషలో చెప్పేది. మేడం కాగితం మీద ఒక గీత పెట్టింది, ఇంకో గీత పెట్టబోయింది.

ఒక్కసారి నేను పిలుస్తా మేడం అంది మెర్సీ, వచ్చీరాని హిందీలో. మేడం గడియారం చూసి సరేనంది. సోనీ అని పిలుద్దామనుకుంది, ఆ పేరు ఇంట్లో గొంతుతో పిలిచిందెవరు, భుజం తట్టి పిలవడమే కదా. ఆ ఇంట్లో నోరారా, గొంతెత్తి మనుషులు అనే మాట ఏది. కరెంటు పోయినప్పుడు మెట్ల మీద అనేది. ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు, నాలుగేళ్ళ అలవాటు గొంతు మీద కూర్చొని లేవనన్నది. ఎదుట మామ ఆమె మూతినే చూస్తున్నాడు, ఏమంటున్నావ్ అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. ఊపిరి తీసుకుంది. ఈసారి తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది, పెద్దగా కాదు, మామూలు మాటంత.

"సోనీ, అలీ పెద్దోడా, టైసన్ పెద్దోడా?"

పిల్ల తిరగలేదు. దిమ్మె పట్టుకున్న చెయ్యి మాత్రం గాలిలో ఆగింది. మెర్సీకి పిల్ల వీపు కనిపిస్తోంది, రెండు జడల మధ్య పాపిట కనిపిస్తోంది, ముఖం కనపడదు, కనిపించేది మామ ముఖం ఒక్కటే. పిల్ల నోరు కదిలింది అంది మేడం, ముందుకు వంగింది, ఏమన్నది, ఏమన్నది అని ముసలాయన్ను అడిగింది. కొండయ్య ముఖం చిన్నబోయింది, కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు, పిల్ల దిక్కు చూశాడు, పక్కకు చూశాడు, పోటీకి పోయిన ఆ ఒక్కరోజు రింగులోంచి దిగివచ్చినప్పుడు కూడా ఇట్లాగే ఉండి ఉంటాడు.

"టైసన్ అన్నది బిడ్డా," అన్నాడు. తర్వాత పిల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాలన్న సంగతే మరిచిపోయి, "మీ నాయిననే నేర్పిండా గిది? గా చెవులు కొరికేటోడు పెద్దోడా నీకు?" అని నిలదీశాడు. మేడం ఆయన్ను ఆపి, తల్లిని ఇంకొకటి అడగమంటోంది, ఏదైనా, వెనకనుంచే అంటోంది, కాగితం మీది గీతను అడ్డంగా కొట్టేస్తోంది. మెర్సీకి అవేవీ సరిగ్గా ఎక్కడం లేదు. కోడలు ఏడ్వొద్దని ఆ ముసలాయన ఎంత అబద్ధమైనా ఆడతాడు, ఆడితే అలీ అనేవాడు, టైసన్ అనడు. ఆమె పిల్ల వెనకాలే, ఆ కదలని నేల మీద కూర్చుండిపోయింది.